మింగని మాత్ర

(పడగ్గదిలో, బీరువా ముందు, తల్లీ కూతురూ.)

“నా ప్యాడ్ల ప్యాకెట్టు ఎవరు తీశారమ్మా?”

“నీ ప్యాకెట్టు సంగతి నాకేం తెలుసే. సరిగ్గా వెతుక్కో.”

“వెతికాను. కిందటి నెలా ఇంతే, సగం ఖాళీ. పిచ్చిదానిలా మళ్ళీ కొనుక్కున్నాను.”

“వాడేసి మర్చిపోయి ఉంటావు. నీ మతిమరుపు ఊరందరికీ తెలిసిందే.”

“ప్యాడ్లు వాడి మర్చిపోతారా ఎవరైనా?”

“గొంతు తగ్గించు. మీ నాన్న హాల్లో ఉన్నారు.”

“నాన్నకెందుకవి? నానమ్మకీ అక్కర్లేదు. నీకా, ఆపరేషనయ్యాక ఆ బాధే లేదు. ఇంక మిగిలింది ఎలుకలు.”

“ఎలుకలే అనుకో. ఇంకోటి కొనిస్తాను, వదిలెయ్.”

“అమ్మా, ఇటు చూడు.”

“ఏం చూడాలి? పక్కకి జరుగు, దుప్పట్లు సర్దాలి.”

“మొన్న ఆ దుప్పటి మిషన్లో వేస్తానంటే చేతిలోంచి లాక్కున్నావు. నీకు మళ్ళీ వస్తోందా?”

“తలుపు వెయ్.”

“వేశాను. చెప్పు.”

“వస్తోందంటే... అప్పుడప్పుడూ. మొదట్లో మరకలా కనబడేది. ఈ వారం కొంచెం ఎక్కువే.”

“మరి నా ప్యాకెట్టు తీసుకోవడమెందుకు? కొట్లో దొరకవా?”

“ఆ కొట్టావిడకి నేనే గొప్పగా చెప్పానే, ఇక నాకా పీడ విరగడైంది అని. మళ్ళీ వెళ్ళి ఎలా అడగను?”

“అన్నీ తీసేశాక అసలెలా వస్తుందమ్మా?”

“అన్నీ తీయలేదు. గడ్డలొచ్చాయని అండాశయాలు రెండూ తీశారు. గర్భసంచి బాగుందని ఉంచారు. మీ నానమ్మే అన్నీ తీసేశారని అందరికీ చెప్పుకొచ్చింది. నేను దిద్దలేదు. దిద్దితే ఇంకో నాలుగు ప్రశ్నలు.”

“మరి డాక్టరమ్మ ఇచ్చిన మందులు?”

“అవి హార్మోన్లకి. అండాశయాలు లేకపోతే ఒంట్లో తయారవ్వవుగా. ఒళ్ళంతా సెగలు, నిద్ర ఉండదు, ఎముకలు గుల్లబారతాయి. అందుకని రెండు ఇచ్చింది. ఒకటి ఒంటికి రాసుకునేది, ఇంకోటి పడుకునే ముందు మింగే మాత్ర.”

“రెండూ వాడుతున్నావా?”

“రాసుకుంటున్నాను.”

“మాత్ర?”

“అది వేసుకుంటే పొద్దున్న మత్తు వదిలేది కాదే. కుట్టుమిషను ముందు కూర్చుంటే కళ్ళు మూతలు పడిపోయేవి. ఒకావిడ గౌనుకి రెండు చేతులూ ఎడమవే కుట్టాను.”

“నవ్వొస్తోంది, నవ్వను. ఆవిడేమంది?”

“తొడుక్కుని అద్దం ముందు నిలబడింది, అంతే. తిట్టినా బాగుండేది. ఆ రోజు నుంచే మాత్ర మానేశాను. సెగలు తగ్గాయిగా, రాసుకునేది చాల్లే అనుకున్నాను.”

“మానెయ్యొచ్చని డాక్టరమ్మ చెప్పిందా?”

“వద్దనే చెప్పింది. రాసుకునే మందొక్కటే వాడితే సంచి లోపలి పొర మందంగా పెరిగిపోతుందట. దాన్ని అదుపులో పెట్టేది మాత్ర. ఒకటి వదిలి ఒకటి వాడకూడదంది. ఎప్పుడు రక్తం కనబడినా వెంటనే రమ్మంది.”

“ఇవన్నీ వినే మానేశావా?”

“విన్నాను. బుద్ధిగా తల కూడా ఊపాను. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? నీకు జ్వరమొస్తే మందు మధ్యలో మానకూడదని పాఠాలు చెప్పేది నేనేగా.”

“ఇది మాత్ర మానేసినందుకు కాక ఇంకేదైనా అయితే?”

“ఆ మాట నేనూ అనుకున్నాను. రోజూ అనుకుంటున్నాను.”

“నాన్నకి చెప్పావా?”

“లేదు. మీ నానమ్మకి అసలే తెలియకూడదు. పక్కింటి టీచరమ్మ ఇలాంటి మందు వాడుతోందని తెలిసినప్పుడు ఏమందో గుర్తులేదూ?”

“‘ముసలి గుర్రానికి ముత్యాల జీను’ అంది.”

“అది విన్నాక నేను నోరు విప్పుతానా?”

“నానమ్మ ఏదో అంటుందని నువ్వు ప్రాణం మీదికి తెచ్చుకుంటావా? నువ్వు చెప్పకపోతే నేను చెప్తాను.”

“నువ్వు చెప్పకు. నా నోటితో నేనే చెప్తాను. అన్నం తినేటప్పుడు చెప్తాను. అప్పుడైతే ఎవరూ లేచి వెళ్ళిపోలేరు. నేను కూడా.”

(భోజనాల బల్ల దగ్గర, నలుగురూ.)

“కూరలో ఉప్పు వేశావా అమ్మాయ్?”

“వేశానత్తయ్యా. ఏమండీ, రేపు నేను ఆసుపత్రికి వెళ్తున్నాను.”

“మళ్ళీ నడుమా?”

“నడుము కాదు. నాకు మళ్ళీ రక్తం కనబడుతోంది.”

“ఏమిటిది, పిల్ల ముందు...”

“నాకు తెలుసు నాన్నా. మీరు వినండి.”

“అన్నీ తీసేశారు కదటే నీకు?”

“తీయలేదత్తయ్యా. గర్భసంచి ఉంది. హార్మోను మందులు రెండు ఇస్తే, నేను ఒకటి మానేశాను. తప్పు నాదే. రేపు స్కాను తీస్తారు, అవసరమైతే లోపలి పొరలో ముక్క తీసి పరీక్షకి పంపుతారు. ఏమండీ, మీరు సెలవు పెట్టాలి. ఒక్కదాన్నే వెళ్ళాలంటే నాకు భయంగా ఉంది.”

“పెడతాను. ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదు?”

“సిగ్గేసింది. ఈ వయసులో ఇవేం మందులు అంటారని. అత్తయ్య ఏమంటారోనని కూడా. అందుకే సీసా మీది కాగితం చింపేసి, నడుంనొప్పికి రాసుకుంటున్నానని చెప్పాను.”

“ఏ సీసా?”

“స్నానాల గదిలో అద్దం పక్కన ఉంటుందే అత్తయ్యా, తెల్లది. పైన నొక్కితే జెల్లు వస్తుంది.”

“అది నొప్పుల మందు కాదూ?”

“కాదు. హార్మోనే.”

“నానమ్మా, ముద్ద పట్టుకుని అలా ఉండిపోయావేం? తిను.”

“ఏమైందమ్మా? నీకేమైంది?”

“నడుముకి పనిచేసేది మోకాళ్ళకి పనిచేయదా అనుకున్నానురా. చలికాలం నుంచీ రెండు పూటలా పట్టిస్తున్నాను.”

“అత్తయ్యా...”

“రేపు ఇద్దరం వస్తున్నామని ఆ డాక్టరమ్మకి చెప్పు అమ్మాయ్. నా మరకల గుడ్డలు నేనూ, మీరెవరూ లేవకముందే ఉతికి ఆరేసుకుంటున్నాను.”