మూడు పొరలు చాలన్నారు

ముఖం అలా మాడ్చుకుంటే నేనేం చేయను అత్తయ్యా? పొద్దున్నుంచి ఆ వెల్లుల్లి వలుస్తూనే ఉన్నారు. గిన్నె నిండిపోయింది కూడా. ఏదో ఒకటి అనండి. పోనీ, తిట్టండి.

మీ అమ్మాయే కదా ఫోన్ చేసింది? "అన్నయ్య పేపర్లో వదిన తప్పులు పడుతోంది" అని ఏడ్చుంటుంది. తప్పు దొరికిందన్నాను, నిజమే. తనకి అంతవరకే చెప్పాను.

సరే, మీకు మొదట్నుంచి చెప్తాను. వినట్లేదనుకోండి, గోడకి చెప్పుకున్నట్టే చెప్పుకుంటాను.

"మావాడు రాళ్ళలో కరెంటు పుట్టిస్తాడు" అని పదిమందికీ చెప్పుకునేవారు కదా మీరు. అది ఉత్తమాటేం కాదు. ఇనుముకి తుప్పు పడుతుందే, ఆ జాతివే, ఆక్సైడులంటారు. అలాంటివి రెండు రకాలు. దేన్ని విడిగా పట్టుకున్నా కరెంటు పారదు, పింగాణీ కప్పుతో సమానం. కానీ ఒకదాని మీద రెండోదాన్ని అణువుల పొర మీద పొరగా పేరిస్తే, రెండూ కలిసే చోట మాత్రం పారుతుంది. ఎంత పలచనంటే, ఆ పొరలు కంటికి ఆనవు. "నువ్వూ అమ్మా కూడా అంతే, విడివిడిగా ఇద్దరూ బండరాళ్ళే" అని ఆయన నన్ను ఏడిపించేవారు. మీతోనూ అనే ఉంటారు.

అలా పారాలంటే పైన కనీసం నాలుగు పొరలుండాలని అందరూ అంటారు. ఈయన మూడు చాలన్నారు. అన్నమాటేంటి, పారిందని చూపించారు కూడా. అదంతా రాసి సైన్సు పత్రికకి పంపిన పేపరే ఇది. రాసినవాళ్ళలో మొదటి పేరు ఆయనదే.

ఆయన పోయాక పత్రికవాళ్ళు ఒక గ్రాఫు మళ్ళీ గీసి పంపమన్నారు. ఇంకెవరున్నారు, ల్యాబులో పక్క బల్ల దాన్ని నేనే కదా. ఆయన చేసిన ముక్కనే, గోరంత ఉంటుంది, కొలిచే పెట్టెలో పెట్టాను. ఆ పెట్టెకి చిన్న గాజు కిటికీ ఉంటుంది. దాని మీద నల్లగుడ్డ కప్పి, ఒక రోజంతా చీకట్లో వదిలేసి, అప్పుడు కొలవాలి. వెలుతురు తగిలితే చాలు, ఆ రాయిలో ఊరికే కాస్త కరెంటు పారుతుంది. చీకటి చేసినా చాలాసేపు వదలదు. మా పనిలో చేరిన వాళ్ళకి మొదట చెప్పే మాటే అది.

కప్పి వదిలేశాను. మర్నాడు చూస్తే ఏమీ పారట్లేదు.

తీగ ఊడిందేమోనని గుడ్డ తీసి చూశాను. తీగలు బాగానే ఉన్నాయి. తలెత్తితే మీటర్లో అంకె పెరుగుతోంది.

ఆయనకి కుదురెక్కడిదత్తయ్యా. పొయ్యి మీద పాలు పెట్టినా మూత తీసి తీసి చూస్తాడని మీరే అనేవారు. వెంట్రుకల్లాంటి తీగలు కదా, ఊడాయేమోనని గుడ్డ పైకెత్తి చూసుకునేవారు. కాసేపటికి మళ్ళీ ఎత్తేవారు. నేను పక్కనుంచి చూసి నవ్వుకునేదాన్ని. ఆయన చూసిన కరెంటు ఆ వెలుతురిది. మూడు పొరలు చాలవు.

మళ్ళీ కప్పాను, మళ్ళీ కొలిచాను. ఎన్నిసార్లు కొలిచినా అంతే. ఏడుపు రాలేదు. ఆయన పోయిన రోజు కూడా ఏడవలేదని మీవాళ్ళు గుసగుసలాడుకున్నారు, నా చెవిన పడింది. రాలేదు, ఏం చేయను? పళ్ళ డాక్టరు సూది వేశాక బుగ్గ గిల్లుకున్నట్టుంది, అప్పుడూ ఇప్పుడూ.

ఏమన్నారు? నువ్వు నోరు విప్పకపోతే ఎవరికి తెలుస్తుందనా?

గుడ్డ సరిగ్గా కప్పిన ప్రతివాడికీ తెలుస్తుంది. ఎక్కడో ఎవడో ఇది నమ్మి మూడు పొరలు పేర్చి, నెలల తరబడి తల బాదుకుని, ఆఖరికి ఆయన పేరు పెట్టి తిడతాడు. గుడ్డ కప్పడం కూడా రానివాడని నవ్వుకుంటారు. ఆయన వచ్చి జవాబు చెప్పుకోలేరు కదా. అది వింటూ ఆ బల్ల దగ్గర కూర్చోవడం నావల్ల కాదు.

మీకు కొడుకు పేరు అచ్చులో చూసుకోవాలనుంది. నాకు మాత్రం లేదనుకుంటున్నారా? ఆ మూడో పొర కోసం మా పెళ్ళిరోజు కూడా ల్యాబులోనే గడిచిపోయింది.

ఇంకోమాట. మీ అమ్మాయికి చెప్పింది సగమే. నిన్న మధ్యాహ్నమే మా ల్యాబు ప్రొఫెసర్ గారితో మాట్లాడాను. పేపరు వెనక్కి తీసేసుకున్నారు. మిమ్మల్ని అడిగి చేయాల్సింది. అడిగితే వద్దనేవారు. మీరు వద్దంటే నేను ఆగిపోయేదాన్ని. అందుకే అడగలేదు.

వలిచింది చాలు, ఆ గిన్నె ఇలా ఇవ్వండి.

ఇక ఆయన పేరు అచ్చులో కనిపించేది ఈ ఇంటి కరెంటు బిల్లు మీదే. దాన్నీ నా పేరుకి మార్పించుకోమని కరెంటాఫీసు వాళ్ళంటున్నారు. మార్పించను.