పంపు బాబాయ్ బోరులో పెంచిన క్రిములు

ఆ సాయంత్రం దేన్ని నమ్మాలో, దేన్ని నమ్మకూడదో టీ కొట్టతనికి అంతుపట్టలేదు. మామూలుగా అయితే పంపు బాబాయ్ నోరు విప్పాడంటే అన్నీ కోతలేనని సరిపెట్టుకుని గ్లాసులు కడుక్కునేవాడు. ఈసారి బాబాయ్ చెబుతున్నది టీ కొట్టు బోరు గురించే. పక్కనున్న పాత వర్క్‌షాపులో యంత్రాల జిడ్డు వదిలించే మందు ఏళ్ల తరబడి నేలలోకి ఇంకి, కొట్టు వెనక బోరు నీళ్లు విషమయ్యాయి. ఆ మందును తినే క్రిముల్ని శుద్ధి కంపెనీ వాళ్లు బోరులోకి దింపారు. రేపే పరీక్ష. నీళ్లు బాగుపడితే బోరు తెరుస్తారు. లేదంటే ఇంక బిందెలు మోసే ఓపిక అతనికి లేదు, కొట్టు ఎత్తేయడమే.

“దింపిందెవరనుకున్నావ్? నేనే,” అన్నాడు బాబాయ్. ఆ కంపెనీలో పంపులు చూసేది ఆయనే. “ఒక్క సీసాడు క్రిములు. వాటికి మేతగా చెరకు మడ్డి కాస్త పొయ్యమంది ఇంజినీరమ్మ. మనది పెట్టే చెయ్యి కదా, డ్రమ్ము డ్రమ్మే బోర్లించా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“చీమలు పట్టుంటాయి,” అన్నాడు బెంచీ మీదున్న టైర్ల షాపతను.

“నువ్వుండవయ్యా! తెల్లారేసరికి ఒక్కోటి సెనగ గింజంత అయింది. గొట్టానికి చెవి ఆనిస్తే కరకరా నమిలే చప్పుడు. మందంతా తినేశాయా, గొట్టం తుప్పు నాకేశాయి, అదీ అయిపోయిందా, నేల కిందుగా వరసకట్టి వీధి చివర డ్రైక్లీనింగ్ షాపుకెళ్లి వాడి మందు కూడా తాగేశాయి. కోటు ఉతకడానికి చుక్క లేక వాడు లబోదిబోమన్నాడు! నేను ఓ ఈల వేశానా, అన్నీ తోకలాడించుకుంటూ వెనక్కి...”

“క్రిములకు తోకలా?”

“మావాటికున్నాయి. ఒకటి మరీ బలిసి గొట్టంలో ఇరుక్కుంటే నలుగురం తాడేసి లాగాం. చొక్కా తడిసిపోయిందనుకో!”

టీ కొట్టతనికి నవ్వూ వచ్చింది, గుబులూ పుట్టింది. తోకలు అబద్ధమే. మరి మందు తినేశాయన్నది?

“ఇంతకీ నీళ్లు బాగయ్యాయా బాబాయ్?”

“చెబుతున్నాగా! తిని తిని అవి ఆయాసపడుతుంటే చూడలేకపోయాన్రా. మా ఇంట్లో చేపల తొట్టికి గాలి గొట్టం ఆగితే చేపలెలా నోళ్లు తెరుస్తాయి? అట్లాగన్నమాట. పాపం, అంత లోతున వాటికి ఊపిరెలా ఆడుతుంది? రాత్రి నువ్వు కొట్టు కట్టేశాక కంప్రెసర్ తెచ్చి, మూత తీసి, బోరులోకి గాలి కొట్టించా. అప్పుడు చూడాలి వాటి హుషారు! బుడబుడమంటూ పైకొచ్చి నన్ను పేరు పెట్టి పిలిచాయి!”

టీ కొట్టతని చేతిలో గరిటె ఆగిపోయింది. బోరుకు మూత బిగించిన రోజు ఇంజినీరమ్మ అతనికి ఒకటికి రెండుసార్లు చెప్పి వెళ్లింది. గాలి తగిలితే ఈ క్రిములు చచ్చిపోతాయి, పొరపాటున కూడా మూత తియ్యనివ్వకండి అని.

“ఆ గాలి కొట్టడం కూడా కోతే కదా, బాబాయ్?”

“కోతేంట్రా? నా మాటంటే నీకు మరీ అంత...”

“కంప్రెసర్ నాదే,” అన్నాడు టైర్ల షాపతను. “నిన్ననే తిరిగి తెచ్చిచ్చాడు. దాని గొట్టమంతా మడ్డి కంపు.”

టీ కొట్టతను పొయ్యి ఆపి, బాబాయ్ ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. ఈ మనిషిని తిట్టాలో, జాలిపడాలో తెలియలేదు. “గాలి తగిలితే అవి చస్తాయి బాబాయ్. ఇంజినీరమ్మ చెప్పింది.”

“గాలి పడనివి కూడా ఉంటాయట్రా?” అన్నాడు బాబాయ్, చాలా చిన్న గొంతుతో. “నాకు తెలీదురా.”

“ఇన్నేళ్లుగా ఇన్ని కోతలు కోశావు. నాకోసం ఇంకొక్కటి కొయ్యి బాబాయ్. అవి బతికే ఉన్నాయని చెప్పు.”

బాబాయ్ చెప్పలేకపోయాడు.