మీసంలో కణుపులు

గుంటూరు దగ్గర ఒక వ్యవసాయ పరిశోధన కేంద్రం. పురుగుల బొమ్మలు గీసే మార్కు గారి గది. ఎదురుగా, ఆయన దగ్గరే పని నేర్చుకున్న కౌసర్.

“నా బొమ్మ తప్పని డైరెక్టర్ గారికి నోటు పెట్టింది మీరేనా సార్?”

“కూర్చో కౌసర్. టీ తెప్పించనా?”

“మీరేనా?”

“తప్పుంటే తప్పనే రాస్తాం. మిరప తామర పురుగుకి మీసంలో ఎనిమిది కణుపులుంటాయి. నువ్వు ఏడు గీశావు. ఇరవై రెండేళ్లుగా గీస్తున్నాను, నాకు తెలీదా?”

“అది పాత పురుగు సార్, ఆకు ముడిచేది. ఇది పూతలో దూరుతోంది, నల్లగా ఉంటుంది. జాతే వేరు. కనిపించింది కనిపించినట్టే గీశాను.”

“కనిపించినట్టు! ఆ మాట నీకు నేర్పిందెవరు?”

“మీరే.”

“మరి? వచ్చి మూడేళ్లు కాలేదు, రైతులకు పంచే పోస్టరు మీద నీ పేరా? డైరెక్టర్ గారు నీ బొమ్మ పట్టుకుని, నా ముందే, ‘ఎంత ప్రాణం ఉందో చూడండి మార్కు గారూ, రెక్క అంచున ఆ వెంట్రుకలు చూడండి’ అంటారా? నా బొమ్మల్ని ఒక్కసారైనా...”

“సార్, నేను...”

“ఒక్కసారైనా అన్నారా ఆ మాట?”

“నా పేరు తీసేయించండి. మీ పేరే వేసుకోండి. పోస్టరు మాత్రం ఆపకండి. పదిరోజులైంది ఆగిపోయి. నేనెంత చెప్పినా పోస్టరు వస్తేగానీ నమ్మనంటూ, ఊళ్లో మా నాన్న పాత పురుగే అనుకుని పాత మందే కొడుతున్నాడు. పూత రాలుతూనే ఉంది.”

“మీ చేలో కూడానా?”

“మా చేనేంటి, ఊరు ఊరంతా అంతే.”

“ఎంత... ఎంత పోయింది?”

“సగం పోయింది. ఇదిగో, స్లైడు తెచ్చాను. ఒక్కసారి మైక్రోస్కోపులో పెట్టి చూడండి. ఎనిమిది కనిపిస్తే నా బొమ్మ ఇక్కడే చింపేస్తాను.”

“వద్దు.”

“ఒక్క నిమిషం పని సార్.”

“వద్దన్నానుగా.”

“ఎందుకు వద్దు? నా దగ్గర ఓడిపోతారనా?”

“అరవకు.”

“అరుస్తాను. పూతంతా రాలిపోయాక చూస్తారా?”

“చూశానమ్మా.”

“ఎప్పుడు?”

“నోటు రాయకముందే. తలుపేసుకుని రెండుసార్లు లెక్కపెట్టాను. ఏడే ఉన్నాయి.”