రూతమ్మ వేసిన పిడికెడు

నౌపడ రైలుస్టేషనుకు పోయే బండిబాట; గత్తర, అంటే కలరా, సోకిన ఊరి పొలిమేర. దొరలు దేశం విడిచి పోతున్న ఏడు, వేసంగి, పొద్దు వాలుతున్న వేళ. బాటకు అడ్డంగా వేపమండల తాడు కట్టి ఉంది. తాడుకు కాపలా గంగులు. ఊరివైపు నుంచి డోలీ మోసుకుంటూ వచ్చి ఆగినవాళ్ళు జీవరత్నం, అతని పెళ్ళాం ఎలీసమ్మ.

"దించకు! డోలీ నేలకి దించకు జీవరత్నం. తాడు కాడ దించితే రోగం ఇక్కడే దిగిపోతాది."

"భుజాలు పడిపోతన్నాయి గంగులు బావూ. ఎనక కొస మా ఎలీసమ్మ మోస్తంది. ఆడమనిసి."

"ఆడమనిసి భుజానికెత్తినోడివి నువ్వే కదా, నన్నంటావేటి. దూరం, దూరం. అక్కడే నిలబడు. ఎవలున్నారందులో?"

"ఎవలున్నారేటి బావూ..."

"ఎవలని అడిగితే ఎవలని సెప్పాల. నిండా ముసుగేసి తెచ్చినావు."

"జోళ్ళు అగుపడతన్నాయి కదా."

"జోళ్ళా? ఓలమ్మో! రూతమ్మ దొరసానా? ఊరు మొత్తానికి ఆ బూట్లు ఒక్కరికే. నిన్న కాక మొన్న ఉప్పుమళ్ళ గట్టుమీద గెంతుకుంటా పోయింది కదరా!"

"రూతమ్మకి రేతిరి నుంచీ వాంతులు బావూ. విరోసనాలు. ఒంట్లో నీరన్నది నేదు."

"అయ్యయ్యో. కెనడా కెనడా అని సెప్పేది. ఎక్కడో మంచుదేశం. ఎంత నవ్వినాం. దొరలందరూ ఓడెక్కి పోతంటే ఈయమ్మ ఓడ దిగిందేటని. జీతం నేదంట, బత్తెం నేదంట, మీ ఇంట్లో మీతో పాటు అంబలి తాగి, సాప మీద పడుకుని... ఎందుకొచ్చినావమ్మా అంటే నుయ్యి తవ్వడానికంది. పలుగు పట్టుకోడం రాదు!"

"నేర్సుకుంది బావూ. సేతులు బొబ్బలెక్కిపోయినా ఒగ్గనేదు. మీరే సగం తవ్వి ఒగ్గేసినారు."

"ఎలీసమ్మా, ఇప్పుడు నూతి తగువెందుకు?"

"ఎందుకా? ఆ నుయ్యి పూర్తయ్యుంటే గెడ్డకాలవ నీళ్ళు తాగేవోళ్ళమా? ఈ డోలీ నా భుజమ్మీద ఉండేదా?"

"నువ్వుండవే. గంగులు బావూ, తాడెత్తు. సాయంత్రం బండి ఉంది. బండెక్కించేస్తే మిషను ఆసుపత్రికి సేరిపోతాది. సూదితో నరాల్లోకి ఉప్పునీరు ఎక్కిస్తారంట. అలగైతే బతుకుతారంట."

"మీరిద్దరూ ఎల్లండి."

"ఆఁ?"

"మీరిద్దరూ ఎల్లండి అన్నాను. మీకు తాడు నేదు. మీరు కిరస్తానపోళ్ళు, అమ్మవారి గంపలో పిడికెడు గింజలు ఎయ్యరు. ఏసినోళ్ళు ఊరోళ్ళు. అమ్మని సాగనంపిందాకా ఊరోళ్ళెవలూ ఈ తాడు దాటకూడదు. దాటితే అమ్మ ఆళ్ళ ఎనకాలే పోయి, మళ్ళీ ఆళ్ళ గుమ్మం ఎతుక్కుంటా వస్తాది. ఊరు ఊరంతా ఊడ్సిపెట్టేస్తాది. మీకా బాద నేదు. గాలి తిరిగినట్టు తిరగండి."

"ఇన్నాళ్ళూ మీరు మా ఊరోళ్ళు కాదు కాదని నీళ్ళకాడికి రానియ్యనేదు. ఈ రోజుకి అదే పనికొచ్చింది."

"నోరు ఎలీసమ్మా, నోరు."

"నోరొక్కటే మిగిలింది బావూ. భుజాలు పోయాయి."

"బావూ, దాని మాట ఒగ్గీ. మాకు తాడు నేదంటే మా ఇంటోళ్ళకీ నేదు కదా. రూతమ్మ మా ఇంటి మనిసి. మా దాకలో వండింది తింటాది, మా గుడికొస్తాది."

"మీ ఇంటి మనిసే. కాదన్నానా? కానీ పిడికెడు ఏసింది."

"తెలీక ఏసింది."

"తెలిసి ఏసినోళ్ళెవలురా? పుట్టిన ఏడే తల్లి సేతిలో సెయ్యెట్టి ఏయిస్తాది. మా కూతురు తాయారుకీ అలాగే ఏయించినాం. ఈయమ్మ ఏసినరోజు గంప నా సేతుల్లోనే ఉంది. మా తాయారు ముందు, ఈయమ్మ ఎనక. ఇద్దరూ ఇకఇకా నవ్వుకుంటా. 'నాను కూడా ఊరే' అంది. ఆ మాట మా తాయారే నేర్పుంటాది. రంగనాథం వద్దన్నారు, పెద్దమనిసి కదా, కట్టుబాటు తెలిసినోడు. ఎయ్యనియ్యండి బావూ, అంత దూరం నుంచొచ్చింది, ఒక్క పిడికెడికేటి అన్నాను. నానే అన్నాను!"

"ఆ తరవాత మా ఇంట్లో నానెంత తిట్టినానో నీకు తెలీదు. ఎందుకేసినావమ్మా, అది మనది కాదు కదా అంటే, అందరూ ఏసినారు కదా అంది. అంతే. ఇంకేటీ నేదు దాని మనసులో."

"మూలుగుతంది జీవరత్నం."

"ఇందాకటి నుంచీ మూలుగుతానే ఉంది."

"మూలుగు ఏ దేశపోళ్ళదైనా ఒక్కటే కావాల. మనోళ్ళు మూలిగినట్టే ఉంది."

"బేగి తేల్సు బావూ! నిలబడలేకపోతన్నాను!"

"నీళ్ళు మాత్రం పొయ్యకండి. ఎలీసమ్మా, ఆ ముంతేటి నడుముకి? నీళ్ళు పోస్తే ఒంట్లో రోగం ఈత కొడతాది."

"గంజి. ఉప్పేసిన గంజి. తాగిన కొద్దీ పొయ్యమంది రూతమ్మ. కక్కేసినా మళ్ళీ పొయ్యమంది. నీరు పోతే మనిసి పోతాదంట."

"ఉప్పు తాగితే దాహం ఎక్కువైపోదేటి? ఉప్పుమళ్ళలో ఎముకలరిగినోడ్ని, నాకు తెలీదేటి? మా అత్త ఇలాగే నీళ్ళో నీళ్ళో అని అరిసి అరిసి పోయింది. మా ఇంటిది అసిరి నీళ్ళకుండ తీసి అటకమీద పెట్టేసి, సెవులు మూసుకుని కూకుంది. సొంత తల్లి. పేణం నేకనా? ఇవ్వకూడదు కాబట్టి ఇవ్వనేదు. ఈ రోజుకీ మా అసిరి సచ్చినా ఇవ్వదు."

"ఇవ్వదా బావూ?"

"ఇవ్వదు. నాను సెప్తే తప్ప ఎవల మాటా ఇనదు. ఏటలా మొగుడూ పెళ్ళాలు మొహాలు సూసుకుంటారు?"

"ఏటీ నేదు."

"అవునూ, మా ఇంటి ముందు నుంచే కదా వచ్చినారు? తాడు కట్టిన కాడి నుంచీ గుమ్మం మొహం సూడనేదు నాను. మా తాయారు... ఉండు, ఉండు. సెప్పకు."

"సెప్పను బావూ."

"కట్టు కాసేవోడు ఇంటి కబురు ఇనకూడదు. మంచీ ఇనకూడదు, సెడ్డా ఇనకూడదు. ఇంటే మనసు ఇంటికాడికి పోతాది, తాడు వదులైపోతాది. బాగుంది అని కూడా అనకు."

"అనను."

"గొంతేటి అలగైపోయింది?"

"మోసి మోసి."

"మా గుంటకి, తాయారుకి, తెలుసా రూతమ్మ ఇలగైపోయిందని? ఒక్క మంచం మనుసులు ఆళ్ళిద్దరూ. ఆవిడ మాట ఈవిడికి రాదు, ఈవిడ మాట ఆవిడికి రాదు, రోజంతా కబుర్లే! తాటిముంజె కొరికితే సగం సగం. సెప్పకు సెప్పకు, ఊరికే అన్నాను."

"బావూ, కాళ్ళు పట్టుకుంటాను. నా భుజమ్మీద ఈ బరువు నేకపోతే ఈపాటికే నీ కాళ్ళమీద ఉందును. ఒక ఆడకూతురు పోతంది. కన్నతల్లికి ఏటని సెప్పుకోను నాను? నీ బిడ్డ బతికుండగా తాడు కాడ నిలబెట్టేసినాను అని సెప్పనా?"

"నన్నేటి సెయ్యమంటావురా! ఊళ్ళో ఎన్ని ఇళ్ళు తలుపులేసేసినాయో సూసినావు కదా. ఎవలి బిడ్డ నాకు పరాయిది? ఒక్కరికి తాడెత్తితే రేపు అందరూ డోలీలు కట్టుకుని వస్తారు. ఎవలికి ఎత్తను, ఎవలికి ఎత్తను? సొంత కూతురికైనా ఎత్తనని పసుపునీళ్ళలో సెయ్యెట్టి సెప్పినాను."

"అలగని సెప్పినావా బావూ?"

"ఊరందరి ముందరా."

"ఇన్నావా ఎలీసమ్మా."

"ఇన్నాను. ఎనక్కి తిప్పు డోలీ. ఈ మనిసి ఎత్తడు. సరుగుడుతోటలోంచి పోదాం."

"తోట కాడా తాడుంది. అక్కడున్నోడు రాళ్ళేస్తాడు. ఉండు... ఉండండి. ఎనక్కి తిప్పకండి."

"మరేటి?"

"రేపు ఈయమ్మ పోయిందని ఇంటే మా తాయారు నా మొహం సూస్తాదా? అయ్యా, నువ్వే కదా తాడు కాడున్నావు అంటాది. అన్నం ముద్ద పెట్టదు నాకు. దాని మొహం ఎలగ సూడను నాను?"

"భుజం మార్సుకో ఎలీసమ్మా."

"జీవరత్నం, అమ్మవారి గంప ఇక్కడే ఉంది. సాగనంపినరోజు ఇక్కడే వండి నైవేద్యం పెట్టాల కాబట్టి నాకే అప్పజెప్పినారు. ఇప్పటిదాకా ఎవలూ సెయ్యని పని. పిడికెడు ఎనక్కి ఇచ్చేస్తాను."

"ఎనక్కిస్తే?"

"ఇస్తే ఆ మనిసి ఏసినట్టు కాదు. తాడు తగలదు. కానీ ఇను. గింజలు ఎనక్కి పుచ్చుకున్న మనిసి మళ్ళీ ఈ పొలిమేర ఇటు దాటి అడుగెయ్యకూడదు. ఊళ్ళో ఏ ఇంట్లోనూ నీడ నేదు. అమ్మ సూపు నేదు. పండక్కి పిలవరు, పీనుగని మొయ్యరు. రేపు రంగనాథం అడిగితే నాదీ బాద్యత, నాను సెప్పుకుంటాను."

"ఇంకో దారి నేదా బావూ?"

"ఇదేటిరా! ఇందాకటి నుంచీ కాళ్ళు పట్టుకుంటానన్నావు, దారి సూపిస్తే నసుగుతావు. ఆవిడ ఎలగూ ఎల్లిపోయే మనిసే కదా. ఈ ఊరు కాపోతే ఆవిడికో దేశం ఉంది."

"అదే బావూ, దేశం ఉన్నోళ్ళకైతే..."

"నువ్వాగయ్యా. ఇచ్చీ గంగులు బావూ. బతికితే సాలు. నీడ నేకపోతే మా ఇంట్లో ఉంటాది, మా ఇల్లు ఊరు కాదు కదా. ఇచ్చీ."

"సెయ్యి బయటికి పెట్టమను. ఎవల పిడికెడు ఆళ్ళ సేత్తోనే పుచ్చుకోవాల."

"సెయ్యి ఎత్తలేదు. కొంకర్లు పోయినాయి ఏళ్ళు. దుప్పటి మీద పొయ్యి, నాను మూట కడతాను."

"సరే. మొహం మీద దుప్పటి తియ్యకు ఎలీసమ్మా. ఆ నీలి కళ్ళు గుంటలడిపోయుంటాయి, నాను సూడలేను. ఇదిగో... అమ్మా, తల్లీ. ఈ గింజలు మావి కావు. ఈ మనిసి మా మనిసి కాదు. మాకూ ఈ మనిసికీ ఏటీ నేదు. ఒగ్గేసినాం తల్లీ, ఒగ్గేసినాం."

"యేసయ్యా..."

"ఏడుస్తావేటి ఎలీసమ్మా! పంపినాను కదా. పదండి, పదండి. వొంగండి, తాడు తలకి తగలకూడదు. ఆఁ, అలాగ. జోళ్ళు జాగర్త, ఒకటి జారిపోతంది."

"దాటామా ఎలీసమ్మా?"

"దాటాం. అడుగు ఆపకు."

"ఆపాల. సెప్పాల. గంగులు బావూ! ఓ గంగులు బావూ!"

"మళ్ళీ ఏటిరా? బండెల్లిపోతాది, లగెత్తండి!"

"నీకో ఇంటి కబురు సెప్పాల."

"సెప్పొద్దన్నాను! నీకు బుద్ధి నేదేటి!"

"సెప్పకపోతే ఇంకో మనిసి పోతాది బావూ. నీ ఇంట్లో. రూతమ్మ."

"మతి పోయిందేటి నీకు? రూతమ్మ నీ డోలీలో కదరా ఉంది!"

"నానన్నానా? జోళ్ళు అగుపడతన్నాయి కదా అన్నాను. రూతమ్మనే ఎత్తుకుని బయలుదేరినాను, అబద్ధం నేదు. మీ గుమ్మం కాడికొచ్చేసరికి అసిరి జుట్టు ఇరబోసుకుని డోలీకి అడ్డంపడిపోయింది. డోలీలో ఒక్కరికే సోటు. నానొద్దన్నాను బావూ. దేవుడి తోడు, నానొద్దన్నాను. నా ఇంటికొచ్చిన మనిసి, నాను ఒగ్గను అన్నాను. రూతమ్మ నా మాట ఇనలేదు. దేక్కుంటా దిగిపోయి జోళ్ళు ఇప్పేసింది. ఇప్పుడు మీ ఇంట్లో, మీ సాప మీద పడుంది. నీళ్ళకుండ అటకమీద ఉంది."

"ముందే సెప్పొచ్చు కదరా!"

"సెప్తే ఎత్తేవోడివా? సొంత కూతురికైనా ఎత్తనని పసుపునీళ్ళలో సెయ్యెట్టినోడివి!"

"ఏటి? ఏటన్నావు? జీవరత్నం... ఆ జోళ్ళు ఎవల కాళ్ళకున్నాయిరా?"

"మీ తాయారు కాళ్ళకి బావూ. అరవకు, అది ఇంటంది. నీ గుంటకి దారి పొడుగునా గంజి నాను పోస్తాను, నువ్వా తాడు ఒగ్గేసి ఇంటికెల్లి, అసిరి సేతిలోంచి కుండ లాక్కునైనా సరే, మా గుంటకి నువ్వు పొయ్యి."