తలుపుకెదురుగా గాజుపెట్టె

ఇండోనేషియాలోని యోగ్యకర్తలో ఆడపిల్లలకు గదులు అద్దెకిచ్చే ఇల్లు. ఆదివారం పొద్దున, బాతిక్ బట్టల దుకాణంలో పనిచేసే తివి గది తలుపు తట్టి, పిల్లలంతా ఇబు అని పిలిచే ఇంటావిడ హార్తిని లోపలికి వచ్చింది.

"మంచం మీద ఆ సంచి కదులుతోందేమిటే?"

"అక్కడే ఆగండి, ఇబూ. పాము."

"ఏంటీ!"

"విషం లేదు. కొండచిలువ పిల్ల. భయమేస్తే బంతిలా చుట్టుకుంటుంది, అంతే. ఈ గాజుపెట్టె దానికే."

"ఛీ ఛీ! ఏ పిట్టనో పెంచుకోక! ఇంతకుముందెప్పుడైనా పెంచావా?"

"లేదు, ఇదే మొదటిది. అందుకే జాగ్రత్తగా సర్దుతున్నా. అడుగున కొబ్బరిపీచు పరిచా. ఈ పక్క చిన్న హీటరు, ఆ పక్క చల్లగా. ఈ కుండపెంకు బోర్లిస్తే దాక్కోడానికి చోటు."

"దానికి ఇల్లు బానే కుదిరింది. నీకే ఇల్లూ లేదు, వాకిలీ లేదు. ముప్పై దాటినా మొగుడు దొరక్క, చివరికి పామునే తెచ్చుకున్నావు."

"ఆ నీళ్ళగిన్నె ఇలా అందిస్తారా?"

"నేనా? నన్ను చంపినా ఆ పెట్టె దగ్గరకి రాను. దాన్ని కిటికీ కిందకి జరుపు."

"లేదు. తలుపుకెదురుగానే ఉండాలి."

"ఎందుకు? వచ్చినవాళ్ళ గుండె ఆగిపోవాలనా?"

"రాగానే కనబడాలి."

"ఎవరికి? నీ గదికెవరొస్తారే? కన్నతల్లే రాదు."

"పాముని లోపల పెట్టి మూత బిగించాలి. కొంచెం పక్కకి..."

"ఎవరికి కనబడాలని అడిగా."

"నేను పనికెళ్ళాక ఎవరో వస్తున్నారు, ఇబూ. నా బట్టలు కెలుకుతున్నారు. మొన్న జ్వరంతో పడుకునుంటే బయటి నుంచి తాళం తిప్పారు. గడియ ఉండబట్టి సరిపోయింది. మర్నాడు పని నుంచి వచ్చేసరికి గడియే లేదు."

"ఎలకలు."

"ఎలకలకి తాళంచెవి ఉంటుందా?"

"నోరు జాగ్రత్త."

"ఇంకో తాళంచెవి మీ వంటింట్లోనే ఉంది. మీరు తలుపు తట్టకుండా రారు. ఇంక మిగిలింది..."

"అను. బపక్ అను. నా మొగుడు అను."

"నేనన్లేదు. మీరే అన్నారు."

"చర్చిలో ముందు వరుసలో కూర్చునే మనిషి. నీ కోసం మెట్లెక్కాడా? అద్దంలో మొహం చూసుకున్నావా ఎప్పుడైనా?"

"ఎవరూ నమ్మరనే ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో పామంటే హడలని మొన్న మీరే అన్నారుగా. అందుకే..."

"అందుకే తెచ్చావా? పిచ్చిమొహమా! హడలు నాకు. ఆయనక్కాదు. పెళ్ళికి ముందు పాముల్ని మెళ్ళో వేసుకు తిరిగినవాడు."

"అయ్యో..."

"ఏడవకు. ఏడిస్తే ఇంకా అసహ్యంగా ఉంటావు. ఇకమీదట నువ్వు గొంతు చించుకున్నా నేనీ గడప తొక్కలేను. బాగుందా?"

"గొంతు చించుకున్నా అంటే... ఇబూ, మీకు ముందే తెలుసా?"

"నీకంటే ముందున్న పిల్ల కుక్కని తెచ్చుకుంది. వారం తిరక్కుండా అది ఆయన చేతిలో అన్నం తింది."