చెట్ల కింద ఖాళీలు

ఇంటి వెనక పెద్ద చెట్లు. వాటి కింద అక్కా, పక్క వీధి నుంచి చూడ్డానికొచ్చిన చెల్లెలూ.

“చూడు, ఇక్కడి మొక్క కూడా లేదు. నిన్న సాయంత్రం ఉంది.”

“ఎండిపోయిందేమో అక్కా.”

“ఎండితే ఆకైనా మిగులుతుందిగా. వేరుతో సహా పోయింది. చుట్టూ మట్టిని కూడా గడ్డలా ఎత్తుకుపోయారు.”

“పందికొక్కేమో.”

“పందికొక్కు తవ్వి, మళ్లీ రాలినాకులు సర్దిపెట్టి పోతుందా?”

“సరేలే, టీ తాగుదాం పద.”

“టీ నా మొహం. ఈ నీడలో గడ్డి వేస్తే చచ్చింది, పూలమొక్కలు పెడితే చచ్చాయి. చివరికి అడవిలో చెట్ల కింద పెరిగే ఈ గుండ్రాకు మొక్క తెచ్చి పెట్టాను. మొదటి ఏడాది ఉలుకూ పలుకూ లేదు. రాలినాకులు ఊడ్చొద్దని మీ బావతో ఎన్ని గొడవలు పడ్డానో. ఇప్పుడిప్పుడే దుప్పటి పరిచినట్టు అల్లుకుంటుంటే ఎవరో పీక్కుపోతున్నారు. ఏడుపొస్తోందే.”

“ఏడవకక్కా.”

“పక్కింటావిణ్ణి అడిగేశాను. మాటా మాటా పెరిగింది. ఇప్పుడు నా మొహం చూడట్లేదు.”

“అయ్యో, అడిగేశావా?”

“ఆవిడ మీదే అనుమానమని మొన్న నువ్వేగా అన్నావు?”

“ఏదో... ఊరికే అన్నాను.”

“ఊరికే అన్నావా? ఆగాగు. నీ గోళ్లలో ఆ మట్టేంటి?”

“ఏ మట్టి?”

“చెయ్యి దాచకు. ఇటు చూపించు.”

“అక్కా...”

“నువ్వా? అడిగితే బుట్టెడు ఇచ్చేదాన్ని కదే. ఈ దొంగతనం ఏంటి?”

“అడిగితే ఎందుకంటావుగా.”

“అంటాను. ఎందుకు?”

“మా పెరట్లో గోడ నీడన పెట్టాను. అన్నీ నిలదొక్కుకున్నాయి. ఒక్కటి కూడా పోలేదు.”

“నేనడిగింది అది కాదు.”

“బావ నీకు తనే చెప్తానన్నాడు. ఇవాళా రేపూ అంటూ నెట్టుకొస్తున్నాడు. మా ఆయన నోరు జారితే నాకు తెలిసింది. నీకు చెప్పొద్దని నాచేత ఒట్టేయించుకున్నారు.”

“ఏం చెప్పొద్దని?”

“నీడ లేకపోతే ఇవి బతకవని నువ్వేగా అన్నావు. సోమవారం ఇక్కడ షెడ్డు వేయడానికి బావ ఈ చెట్లన్నీ కొట్టించేస్తున్నాడక్కా.”