పడవలో పంపిన పుస్తకం

పెద్ద వరద కేరళలోని కుట్టనాడును ముంచి పోయిన మరుసటి ఏడాది, ఓణం పండుగకు ముందు. లైబ్రరీ లతిక టీచర్ ఇంటింటికీ పుస్తకాలు ఇవ్వడానికి ముసలి నాణప్పన్ పడవలో పోతోంది.

"అడిగేదేదో అడిగెయ్ నాణప్పన్ చేట్టా. రేవు దగ్గర్నుంచీ చూస్తున్నా. నోరు తెరుస్తావు, మూస్తావు. గట్టున పడ్డ చేపలాగా."

"ఏం లేదు టీచరే."

"ఏం లేకపోతే గెడ సరిగ్గా వెయ్యి. పడవ గుర్రపుడెక్కలోకి పోతోంది."

"ఆ కొత్త పుస్తకాలు..."

"ఏ కొత్తవి? వరదలో మనవన్నీ నాని గంజైపోయాయిగా. ఇప్పుడున్నవన్నీ కొత్తవే. ఎక్కడెక్కడి వాళ్లో పంపినవి."

"శనివారం ఆడపిల్లలకు ఏదో చదువుతున్నావట."

"ఓ, అదా! నీలం అట్టది. ఎవరు చెప్పారు?"

"పడవలో అనుకున్నారు."

"మంచి పుస్తకం చేట్టా. పెద్దవాళ్ల నవల కాదు, చిన్నపిల్లల కథా కాదు. ఆ నడిమి వయసు పిల్లల కోసమే రాసింది. అందులో ఒక కుర్రాడు ఒక పిల్లను ప్రేమిస్తున్నానంటాడు. ముందు ఆ పిల్ల ఫోనులో ఎవరెవరున్నారో చూస్తాడు. తర్వాత స్నేహితురాళ్లను మాన్పిస్తాడు. ఆ తర్వాత..."

"చెయ్యి మెలిపెడతాడా?"

"నీకెలా తెలుసు?"

"ఊరికే అడిగా."

"నువ్వు ఊరికే అడగవు. పదిహేనేళ్లుగా నీ పడవెక్కుతున్నా, నీ మాటలన్నీ పోగేస్తే పోస్టుకార్డు నిండదు. ఎవరి పిల్ల?"

"తెలిసినవాళ్ల పిల్ల."

"తెలిసినవాళ్లంటే?"

"తెలిసినవాళ్లే."

"అనఘేనా?"

"వాన వచ్చేటట్టుంది టీచరే."

"వాన రానీ. నీ మనవరాలేనా అంటున్నా."

"బోటు రేవులో చూశా. ఆ కుర్రాడు చెయ్యి చాపితే, ఇది ఫోను తీసి వాడి చేతిలో పెట్టింది. కండక్టరుకు టికెట్ చూపించినట్టు. వాడు చూశాడు, ఏదో అడిగాడు, మణికట్టు పట్టుకుని తిప్పాడు. ఇది నవ్వింది టీచరే. నొప్పి పుడుతుంటే నవ్వింది. పక్కవాళ్లు చూస్తున్నారని."

"వాడెవడు?"

"జిష్ణు అంటారు. దీని బడే, పై తరగతి."

"మరి దాన్ని కూర్చోబెట్టి అడగొచ్చుగా?"

"అడిగితే?"

"అడిగితే చెబుతుంది."

"చెబితే మా అబ్బాయి ప్రసన్నన్ చెవిన పడుతుంది. మావాడి సంగతి నీకు తెలీదా? ఆ కుర్రాణ్ణి ఏమీ చెయ్యలేడు. కూతుర్ని బడి మాన్పిస్తాడు. ఎవరి దగ్గర నేర్చుకున్నాడని అడక్కు."

"అడగనులే. నీ కూతురు షీల నా పక్క బెంచీలోనే కూర్చునేది. సరే, నేనేం చెయ్యాలి చెప్పు."

"ఆ పుస్తకం ఇయ్యి. నువ్వే ఇచ్చినట్టు ఇయ్యి. చదువుతుంది. చదివి దానంతట అదే తెలుసుకుంటుంది. నేను చెప్పానని మాత్రం..."

"చెప్పను. మా శనివారం పద్ధతి కూడా అదేలే. అక్కడ ఎవరూ 'నేను' అనరు. 'ఆ పుస్తకంలో పిల్ల' అంటారు. ఆ పిల్ల పేరు మీద ఎన్నెన్ని బయటికొస్తాయో వింటే నీకు నిద్రపట్టదు."

"నాకు ఇప్పటికే పట్టడం లేదు."

రెండు శనివారాలు గడిచాక, అదే పడవలో.

"చేట్టా, నీ మనవరాలు గట్టి పిండం!"

"ఏమంది?"

"ముందటి శనివారం పుస్తకంలో ఒక చోట ఆ కుర్రాడు ఏడుస్తాడు. నువ్వు లేకపోతే చచ్చిపోతానని, క్షమించమని, కాళ్లు పట్టుకుని ఏడుస్తాడు. పిల్లలందరూ అయ్యో పాపం అన్నారు. సుమయ్య అనే పిల్లకైతే కళ్లనీళ్లు. అనఘ ఒక్కతే అంది, 'చూస్తూ ఉండండి, ఏడుపయ్యాక ఫోను ఇటియ్యమంటాడు' అని. పేజీ తిప్పితే అదే ఉంది!"

"ముందే చదివేసిందేమో."

"అప్పటికి పుస్తకం నా దగ్గరే ఉంది. ఆ తర్వాతే దాని చేతికిచ్చా."

"అయితే తెలుసుకున్నట్టే."

"తెలుసుకోవడమా! నాకే పాఠం చెప్పేటట్టుంది."

"మరి వాడి సంగతి...?"

"అదే. మెల్లిగా అడిగా. 'పుస్తకం ఎలా ఉంది మోళే, ఏమైనా చెప్పాలనుందా తల్లీ' అని. మూడుసార్లు అడిగా. మూడుసార్లూ ఒకటే మాట, 'బాగుంది టీచర్' అని."

"ఇంకోసారి అడుగు."

"పుస్తకం చెయ్యాల్సింది పుస్తకం చేసింది చేట్టా. ఆ పైన మనిషి చెయ్యాల్సింది ఉంటుంది."

"నీళ్లు పెరిగాయి ఇవాళ."

"నేనన్నది నీళ్ల సంగతి కాదు."

"తెలుసు."

ఆ సాయంత్రం ఇంటి వెనక గట్టు మీద, బాతులను కొట్టంలోకి తోలుతూ, తాతా మనవరాలూ.

"అప్పూప్పా, ఈ పుస్తకం టీచర్‌కి ఇచ్చెయ్యి."

"అయిపోయిందా?"

"అయిపోయింది."

"బాగుందా?"

"బాగుంది."

"చివరికేమైంది?"

"నువ్వెప్పుడు కథలు అడిగావు?"

"ఊరికే."

"చివరికి ఆ పిల్ల వాళ్లమ్మకు అంతా చెబుతుంది. అమ్మ దగ్గరికి తీసుకుంటుంది. అంతే."

"మంచిదేగా."

"మంచిదే. అదొక్కటే అబద్ధం."

"ఏది?"

"మిగతాదంతా నిజమే రాశారు. వాడి తిట్లు, వాడి ఏడుపు, అన్నీ. చెప్పగానే దగ్గరికి తీసుకున్నారు చూడు, అదే ఎక్కడా జరగదు. ఆ నల్ల బాతు అటు పోతోంది, తోలు."

"పోనీ. మోళే..."

"అప్పట్లో షీలత్త మీకు చెప్పిందిగా, ఎవడో వెంటపడుతున్నాడని. రెండు నెలల్లో పెళ్లి చేసి పంపేశారు. బడి లేదు, ఏమీ లేదు."

"నేనే చేశా."

"తెలుసు."

"వాడు నిన్ను..."

"ఎవడు?"

"ఎవడూ లేడులే."

"ఎవడి గురించి అడగబోయావు అప్పూప్పా?"

"పుస్తకంలో కుర్రాడు."

"లతిక టీచర్ ఎప్పుడూ నన్నే ఏరుకోమంటుంది. ఈసారి తనే తెచ్చి చేతిలో పెట్టింది. మూడుసార్లు అడిగింది. అడిగినప్పుడల్లా నా మణికట్టు వైపే చూసింది. నేనేమో పొడుగు చేతుల చొక్కా వేసుకుని ఉన్నా. చొక్కా కింద ఏముందో ఆవిడకెవరు చెప్పారు?"

"గాలి ఎక్కువైంది. లోపలికి పద."

"ఆవిడెక్కేది నీ పడవ ఒక్కటే. రేవులో చూశావా?"

"చూశా."

"ఎప్పుడు?"

"బళ్లు తెరిచిన వారంలో. మళ్లీ ఒకసారి, తర్వాత."

"బళ్లు తెరిచిన వారంలోనా! అప్పుడేగా నా వేలు వాచింది. బాతు పొడిచిందని చెబితే, నువ్వే పసుపు రాశావు."

"రాశా."

"బాతు పొడిస్తే వేలు అలా వాస్తుందా అప్పూప్పా?"

"రేపు నేనొచ్చి వాణ్ణి అడుగుతా."

"వద్దు! ఒక్క మాట అన్నావంటే ఫోటోలు నాన్నకు పంపేస్తాడు. ఇద్దరం కలిసి బోటులో దిగినవి. వాటిలో ఏం లేదు, నవ్వుతూ కూర్చున్నామంతే. నాన్నకు అది చాలు."

"మరి నేనేం చెయ్యను?"

"నన్నడుగుతావేంటి? నాకు పదహారేళ్లు."

"నేను చదువుకోలేదు మోళే. మూడో తరగతి. ఇలాంటివి ఎలా మాట్లాడాలో తెలీలేదు. పుస్తకంలో అయితే బాగా చెప్పి ఉంటారని... అది చదివితే నీకే తెలుస్తుందని..."

"వాడు చేసేది తప్పని నాకు మొదటి రోజే తెలుసు. దానికి పుస్తకమెందుకు? ఇంట్లో ఎవరూ చూడలేదనుకున్నా. ఎవరికీ తెలీదుగా, ఎవరైనా అడిగితే చెప్పేద్దాంలే అనుకుంటూ ఓర్చుకున్నా. రెండు నెలలుగా నీకు తెలుసు. తెలిసి, నువ్వు పుస్తకం పంపావు."

మర్నాడు పొద్దున నాణప్పన్ పడవ తియ్యలేదు. మనవరాలి వెనకే ఏడు ఇరవై బోటెక్కాడు. అవతలి రేవులో, ఆ కుర్రాడికి నాలుగడుగుల దూరంలో, ఏమీ అనలేక, అక్కడినుంచి కదలనూ లేక, బడి గంట కొట్టేదాకా నిలబడ్డాడు.